కొడవలి కణం: కాంతితో ప్రోటీన్ కదలికనూ పొర రవాణానూ చదవడం

ఒడిశాలో ఉండి చదువుకొంటున్న తెలుగు విద్యార్థులకు విజ్ఞానశాస్త్రం మూడు భాషల్లో ముక్కలుగా అందుతుంది. బడిలో ఒడియా, కళాశాలలో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. కొరాపుట్, రాయగడ ప్రాంతాల వారికి దేశియా, కువి భాషలు కూడా చెవిన పడుతూనే ఉంటాయి. శాస్త్ర విషయం పరీక్ష వరకే అయితే ఈ ముక్కలతో పని జరిగిపోతుంది. కానీ కొన్ని విషయాలు పరీక్ష హాలు దాటి ఇంటి గడప దాకా వస్తాయి. కొడవలి కణ రక్తహీనత, అంటే అందరూ సికిల్ సెల్ అని చెప్పుకొనే జబ్బు, అటువంటిది. 2023 జూలై 1న ప్రారంభమైన జాతీయ కార్యక్రమం గిరిజనులు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో 40 ఏళ్ళ లోపు వారు 7 కోట్ల మందికి రక్తపరీక్ష చేయాలని, 2047 నాటికి ఈ జబ్బును నిర్మూలించాలని లక్ష్యంగా పెట్టుకొన్నది. ఒడిశా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మూడూ అందులో ఉన్నాయి. దసమంతపూర్ వంటి బ్లాకులో పరీక్ష చేయించుకొన్న కుటుంబం చేతికి ఫలితం చెప్పే కాగితం వస్తుంది. దాని మీద ఉన్న మాటకు అర్థం ఏమిటని ఇంటి పెద్దలు అడిగేది చదువుకొన్న పిల్లలనే.

ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పాలంటే మూడు సంగతులు తెలియాలి. ఒకటి, ప్రోటీన్ నిశ్చలంగా ఉండే వస్తువు కాదు, కదులుతుంది. రెండు, కణం చుట్టూ ఉన్న పొర గుండా లవణాలూ నీరూ రాకపోకలు సాగిస్తాయి. మూడు, కంటికి కనిపించని ఈ రెంటినీ కాంతి సాయంతో కొలవవచ్చు. ఈ మూడూ కొడవలి కణంలో ఒకచోట కలుస్తాయి. అందుకే దాన్ని ఉదాహరణగా తీసుకొంటున్నాను.

మాటల సంగతి

ముందుగా పరిభాష. పాత పాఠ్యపుస్తకాల్లో 'మాంసకృత్తులు' అన్న మాట కనిపిస్తుంది. పప్పులోనూ గుడ్డులోనూ ఉండే పోషక పదార్థం అన్న అర్థంలో అది బాగానే నడిచింది. కానీ కణంలో యంత్రంలా పనిచేసే అణువు అన్న అర్థం అందులో స్ఫురించదు. ఇక్కడ 'ప్రోటీన్' అనే వాడుతున్నాను. కణం చుట్టూ ఉండేదానికి పాఠ్యపుస్తకాలు 'త్వచం' అంటాయి. మన ఇళ్ళలో ఉల్లిపాయకూ కంటికీ వాడే 'పొర' అనే మాట అంతకంటె సుబోధకం. అయితే ఒక జాగ్రత్త. ఈ పొర మందం సుమారు 5 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో రెండు లక్షల వంతు. పైగా ఇది అట్టలా బిగుసుకొని ఉండదు. కొవ్వు అణువులు రెండు వరుసలుగా పేర్చుకొని, నూనెలా చలిస్తూ ఉంటాయి. ఆ కొవ్వు మధ్య అక్కడక్కడ ప్రోటీన్లు గుచ్చుకొని ఉంటాయి.

ఏ రంగు కాంతిని ఒక పదార్థం ఎంత తీసుకొంటున్నది, ఎంత తిరిగి ఇస్తున్నది అని విడదీసి చూపే పట్టిక 'వర్ణపటం'. దాన్ని కొలిచి చదివే శాస్త్రం వర్ణపటశాస్త్రం. కాంతి రంగును తరంగదైర్ఘ్యంతో, నానోమీటర్లలో చెబుతారు. ఊదా రంగు 400 దగ్గర, ఎరుపు 650 ఆ పైన ఉంటాయి.

నెత్తురు రంగు చెప్పే విషయం

'నెత్తురు' మన భాషా కుటుంబానికి చెందిన పాత మాట. గోండీ, కొలామీ, పర్జీ భాషల్లోనూ పలుకులో కొద్ది తేడాతో ఇదే మాట వినిపిస్తుంది. దాని రంగు మారుతుందని, ఊపిరి పీల్చిన నెత్తురు ఎర్రగానూ తిరిగివచ్చే నెత్తురు నల్లగానూ ఉంటుందని అందరూ ఎరుగుదురు. 1864లో ఇంగ్లండులో జార్జి స్టోక్స్ ఆ రంగును వర్ణపటదర్శినిలో పెట్టి చూశాడు. ఆక్సిజన్ ఉన్న నెత్తురు ఆకుపచ్చ, పసుపు భాగాల్లో రెండు నల్లని పట్టీలు చూపింది. ఆక్సిజన్ తీసేస్తే ఆ రెండూ పోయి వాటి నడుమ ఒకే వెడల్పాటి పట్టీ మిగిలింది. ఇప్పటి కొలతల్లో ఆక్సిజన్ ఉన్న హీమోగ్లోబిన్ శోషణ శిఖరాలు 542, 577 నానోమీటర్ల వద్ద, ఆక్సిజన్ లేనిదాని శిఖరం 555 వద్ద కనబడతాయి. ఇవికాక ఊదా అంచున మొదటిదానికి 415, రెండోదానికి 430 దగ్గర చాలా బలమైన శిఖరం ఉంటుంది.

ఇది ప్రయోగశాల దాటి మన వేలిదాకా వచ్చింది. 2020, 2021 సంవత్సరాల్లో కరోనా కాలంలో ఇంటింటా కనబడిన పల్స్ ఆక్సీమీటరు నిజానికి ఒక చిన్న వర్ణపటమాపకం. అది 660 నానోమీటర్ల ఎర్రని కాంతినీ 940 దగ్గర పరారుణ కాంతినీ వేలి గుండా పంపుతుంది. ఆక్సిజన్ లేని హీమోగ్లోబిన్ ఎరుపును ఎక్కువ మింగుతుంది, ఆక్సిజన్ ఉన్నది పరారుణాన్ని ఎక్కువ మింగుతుంది. ఈ రెండు కొలతల నిష్పత్తి నుంచి ఆ పరికరం శాతం లెక్కకడుతుంది.

రంగు ఎందుకు మారుతుంది? హీమోగ్లోబిన్‌లో నాలుగు గొలుసులు, ఒక్కో గొలుసులో ఇనుము ఉన్న హీమ్ ఒకటి. ఆక్సిజన్ వచ్చి ఇనుముకు తగులుకొంటే హీమ్ చుట్టుపక్కల అమరిక కొద్దిగా జరుగుతుంది. ఆ జరుగుడు నాలుగు గొలుసులకూ పాకి, ఒక జత గొలుసులు రెండో జత మీద సుమారు 15 డిగ్రీలు తిరుగుతాయి. మాక్స్ పెరుట్జ్ ఎక్స్ కిరణాలతో ఈ అణువు నిర్మాణాన్ని సాధించి 1962లో నోబెల్ బహుమతి పంచుకొన్నాడు. ఎక్స్ కిరణాలు ఇచ్చేది ప్రధానంగా నిలిచిన బొమ్మ. ఈ బొమ్మ నుంచి ఆ బొమ్మకు అణువు ఎంత వేగంగా మారుతుందో చెప్పడానికి కాంతి శోషణ కావలసివచ్చింది. రంగు మార్పును సెకనులో లక్షల వంతు దాకా పట్టుకోవచ్చు కాబట్టి, ప్రోటీన్ కదలికకు అదే గడియారం అయింది.

ఒక్క అక్షరం తేడా

భాషాశాస్త్రంలో కనిష్ఠ యుగ్మాలు అని చెబుతాము. 'పాలు', 'పూలు' అన్న జంటలో ఒక్క ధ్వని మారితే అర్థమే వేరు. హీమోగ్లోబిన్‌లో అటువంటి జంట ఉంది. బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలు. ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉంటే మామూలు హీమోగ్లోబిన్. అక్కడ వాలీన్ ఉంటే హీమోగ్లోబిన్ ఎస్. లైనస్ పౌలింగ్ బృందం 1949లో ఈ రెండూ విద్యుత్ క్షేత్రంలో వేర్వేరు వేగాలతో నడుస్తాయని చూపి, ఇది ఒక అణువుకు వచ్చిన జబ్బు అన్నది. తేడా ఎక్కడున్నదో 1950ల మధ్యలో వెర్నన్ ఇంగ్రామ్ కనుక్కొన్నాడు.

గ్లుటామిక్ ఆమ్లానికి విద్యుదావేశం ఉంటుంది, నీటితో పొత్తు కుదురుతుంది. వాలీన్‌కు ఆవేశం లేదు, జిడ్డు స్వభావం కలది, నీటికి దూరంగా నక్కాలని చూస్తుంది. ఆక్సిజన్ ఉన్న రూపంలో దానికి చోటు దొరకదు. ఆక్సిజన్ వదిలి గొలుసులు తిరిగిన రూపంలో పక్క అణువు మీద ఒక గుంట అనువుగా ఏర్పడుతుంది. అందులో వాలీన్ ఒదుగుతుంది. ఇలా అణువు మీద అణువు చేరి పొడవాటి పోగులు పేనుకొంటాయి. ఆ పోగులు లోపలినుంచి పొడిచి, గుండ్రని కణాన్ని కొడవలిలా వంచుతాయి. వంగిన కణం బిరుసెక్కి సన్నని రక్తనాళాల్లో చిక్కుకొంటుంది. ఒళ్ళు విరిచే నొప్పులకు మూలం ఇదే. మామూలు ఎర్రకణం 120 రోజులు బతికితే, ఈ జబ్బులో అది 10 నుంచి 20 రోజులకే నశిస్తుంది. రక్తహీనత అందువల్ల.

లేజరు వెలుగులో ఒక నిరీక్షణ

ఇక్కడ ఒక సందేహం రావాలి. రోగి ఒంట్లో ప్రతి ఎర్రకణమూ చుట్టు తిరిగిన ప్రతిసారీ ఆక్సిజన్ వదులుతూనే ఉంటుంది. అయితే అన్ని కణాలూ ప్రతిసారీ కొడవళ్ళు కావాలి కదా? అలా జరిగితే మనిషి ఒక్క రోజు కూడా బతకడు. జరగకపోవడానికి కారణం అమెరికాలో విలియం ఈటన్, జేమ్స్ హాఫ్రిక్టర్ తదితరులు 1970లలో మొదలుపెట్టిన ప్రయోగాల్లో తేలింది.

ఆక్సిజన్ బదులు కార్బన్ మోనాక్సైడ్ కూడా ఇనుముకు తగులుకొంటుంది, అప్పుడు కూడా హీమోగ్లోబిన్ ఆక్సిజన్ ఉన్న రూపంలోనే ఉంటుంది. కానీ బలమైన వెలుగు పడితే ఆ బంధం తెగుతుంది. తర్వాతి ప్రయోగాల్లో హీమోగ్లోబిన్ ఎస్ ద్రావణం మీద లేజరు కాంతి వేసి కార్బన్ మోనాక్సైడ్‌ను ఒక్కసారిగా ఊడగొట్టారు. అణువులన్నీ ఆక్సిజన్ లేని రూపానికి మారాయని శోషణ వర్ణపటం వెంటనే చెప్పింది. పోగులు ఏర్పడుతున్నాయా లేదా అన్నది ద్రావణం చెదరగొట్టే కాంతి చెబుతుంది. పోగులు లేని ద్రావణం తేటగా ఉంటుంది, పోగులు పడితే మసకబారుతుంది.

వారు చూసినది విచిత్రం. రూపం మారగానే పోగులు పడలేదు. కొంతసేపు ఏమీ జరగనట్లే ఉండి, తర్వాత హఠాత్తుగా మసక కమ్మింది. మొదట నాలుగైదు అణువులు ఒకచోట చేరి విత్తులా నిలవడం కష్టం. అది కుదిరాక పోగు పెరగడం, ఉన్న పోగు మీదే కొత్త పోగులు మొలవడం సులభం. ఆ ముందరి కాలాన్ని నిరీక్షణ కాలం అందాము. కేశనాళికల్లో ఎర్రకణం గడిపేది ఒకటి రెండు సెకన్లు. నిరీక్షణ కాలం అంతకంటె ఎక్కువైతే పోగులు పడకముందే కణం దాటిపోతుంది. ఊపిరితిత్తులకు చేరి మళ్ళీ ఆక్సిజన్ అందుకొంటుంది. తక్కువైతే దారిలోనే చిక్కుతుంది.

అసలు కీలకం నిరీక్షణ కాలం గాఢత మీద ఆధారపడిన తీరు. కణంలో హీమోగ్లోబిన్ గాఢత పెరిగితే నిరీక్షణ కాలం సుమారు 30వ ఘాతంలో తగ్గుతుంది. లెక్క వేసి చూడండి. గాఢత నూటికి 5 పాళ్ళు పెరిగితే, 1.05ను 30 సార్లు గుణించగా వచ్చేది 4.3. అంటే నిరీక్షణ కాలం నాలుగో వంతుకంటె తక్కువకు పడిపోతుంది. నూటికి 10 పాళ్ళు పెరిగితే 17వ వంతుకు పడిపోతుంది. రసాయనశాస్త్రంలో ఇంత నిటారైన ఆధారం అరుదు. కణంలో నీరు కొంచెం తగ్గినా ప్రమాదం ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. నీటి సంగతి వచ్చింది కనుక పొర దగ్గరికి వెళ్ళాలి.

పొర దగ్గర రాకపోకలు

ఎర్రకణం లోపల పొటాషియం ఎక్కువ, బయట రక్తరసంలో సోడియం ఎక్కువ. లోపలి పొటాషియం బయటి దానికి 20 రెట్ల పైమాటే. ఈ తేడా దానంతట అది నిలవదు. పొరలోని ఒక ప్రోటీన్ మూడు సోడియం అయాన్లను బయటికి తోడి రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. ఒక్కో విడతకు ఒక ఏటీపీ అణువు ఖర్చు. బావిలోంచి నీరు తోడడానికి కష్టపడాలి కదా, అటువంటిదే ఇది. దీన్ని పాఠ్యపుస్తకాలు సక్రియా రవాణా అంటాయి. డెన్మార్కు శాస్త్రవేత్త యెన్స్ స్కౌ 1957లో దీన్ని పీత నరాల్లో గుర్తించి, 1997లో నోబెల్ బహుమతి పంచుకొన్నాడు. ఏటీపీ ఖర్చు లేకుండా, వాలుకు నీరు జారినట్లు అయాన్లు జారే ద్వారాలు కూడా పొరలో ఉన్నాయి. నీటికి ప్రత్యేకమైన ద్వారాలు ఉన్నాయని పీటర్ ఆగ్రే 1992లో ఎర్రకణాల పొర నుంచే నిరూపించాడు.

వీటిని కొలిచేదీ కాంతే. సోడియం మంటలో పడితే 589 నానోమీటర్ల పసుపు, పొటాషియం 766 దగ్గర ముదురు ఎరుపు కాంతి ఇస్తాయి. ఆ వెలుగు ఎంతో కొలిస్తే లవణం ఎంతో తెలుస్తుంది. ఆసుపత్రుల్లో చాలాకాలం వాడిన ఫ్లేమ్ ఫొటోమీటరు చేసినది ఇదే. తోడే ప్రోటీన్ ఎంత పనిచేసిందో తెలుసుకోవాలంటే ఏటీపీ తెగి వెలువడిన ఫాస్ఫేటును కొలవాలి. ఇక్కడ మన భీమవరం వాడొకడు కనిపిస్తాడు. ఎల్లాప్రగడ సుబ్బారావు (1895-1948), హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని ప్రచురించాడు. ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కలిసి నీలం రంగు తేలుతుంది, ఆ నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేటు అంత. ఈ పద్ధతే వారిని 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌కూ 1929లో ఏటీపీకీ చేర్చింది. అదే సంవత్సరం జర్మనీలో లోమాన్ కూడా స్వతంత్రంగా ఏటీపీని కనుక్కొన్నాడు. ఏటీపీని చీల్చి పనిచేసే పొర ప్రోటీన్లను పరిశోధించిన వారు దశాబ్దాల పాటు ఈ నీలం రంగు పద్ధతినీ దాని రూపాంతరాలనూ వాడారు.

కొడవలి కణం పొరలో జరిగే నష్టం ఇది. మామూలుగా ఎర్రకణంలో కాల్షియం చాలా స్వల్పం, బయట దానికి పదివేల రెట్లు ఉంటుంది. పోగులు పొరను లోపలినుంచి పొడిచినప్పుడు కాల్షియం కొద్దిగా లోపలికి కారుతుంది. కాల్షియం తగలగానే తెరుచుకొనే పొటాషియం ద్వారం ఒకటి పొరలో ఉంది. హంగరీ శాస్త్రవేత్త గార్డోష్ 1958లో వర్ణించిన ప్రక్రియ కనుక ఆయన పేరుతోనే దాన్ని పిలుస్తారు. అది తెరుచుకొంటే పొటాషియం బయటికి పోతుంది, వెంట క్లోరైడు పోతుంది, వాటి వెనక ద్రవాభిసరణ వల్ల నీరు పోతుంది. కణం కుంచించుకొంటుంది. హీమోగ్లోబిన్ అంతే ఉండి నీరు తగ్గింది కనుక గాఢత పెరిగింది. గాఢత పెరిగితే నిరీక్షణ కాలం ఎంతగా పడిపోతుందో పైన చూశాము. తర్వాతి చుట్టులో పోగులు ఇంకా త్వరగా పడతాయి, పొర ఇంకా కారుతుంది. ప్రోటీన్ పొరను పాడుచేస్తుంది, పొర ప్రోటీన్ పోగులకు దారి తీస్తుంది.

వైద్యులు ఈ రోగులకు నీళ్ళు బాగా తాగమని, ఎండదెబ్బ తగలనీయవద్దని, విరేచనాలు పట్టుకొంటే ఆలస్యం చేయవద్దని చెప్పడం వెనక ఉన్న శాస్త్రం ఇదే. వేసవిలో కొండ దిగి కూలి పనికి పోయే మనిషికి ఇది గణితం కాదు, ప్రాణం.

వాల్తేరు, హైదరాబాదు

ఈ విద్య మనవారికి కొత్త కాదు. కొరాపుట్, రాయగడ ప్రాంతాలు 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో చేరేవరకు విశాఖపట్నం జిల్లాలోనివే. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ, తెలుగు ఒడియా రెండింటా పండితుడు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటా లక్ష రూపాయలు ఇచ్చాడు. అక్కడి శాస్త్ర సాంకేతిక కళాశాల ఆయన పేరుతోనే వెలసింది. ఆ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రానికి పేరు తెచ్చిన వర్ణపటశాస్త్ర నిపుణుడు కోచెర్లకోట రంగధామరావు పుట్టినది బరంపురంలో. అక్కడే పనిచేసిన సూరి భగవంతం 1928 నాటి రామన్ ఫలితంపై మొదటి తరం పరిశోధకుల్లో ఒకడు. అణువు చెదరగొట్టిన కాంతిలో రంగు ఎంత జరిగిందో చూసి దాని కంపనాలను చదవడం ఆ ఫలితం సారం. 1970ల నుంచి ఆ పద్ధతినే హీమోగ్లోబిన్ మీద ప్రయోగించి, ఇనుము చుట్టూ బంధాలు ఎలా సాగుతున్నాయో చూస్తున్నారు.

పొరల మీద పనికి హైదరాబాదు కణ, అణు జీవశాస్త్ర కేంద్రం ప్రసిద్ధం. సీసీఎంబీగా అందరికీ తెలిసిన ఈ సంస్థ 1977లో మొదలైంది. ఇక్కడ అమితాభ ఛటోపాధ్యాయ బృందం వాడినది ప్రతిదీప్తి. కొన్ని అణువులు ఒక రంగు కాంతి మింగి, క్షణకాలం తర్వాత అంతకంటె ఎరుపు వైపున్న కాంతిని విడుస్తాయి. ప్రోటీన్లలో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లానికి ఈ గుణం ఉంది. 280 నానోమీటర్ల దగ్గర మింగి, చుట్టూ నీరుంటే 350 దగ్గర, జిడ్డు ప్రదేశంలో దాగి ఉంటే 330 దగ్గర విడుస్తుంది. అంటే తానున్న చోటు ఎలాంటిదో ఆ అణువే చెబుతున్నదన్నమాట.

గ్రామిసిడిన్ అనేది 15 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. పొరలో దూరి సోడియం, పొటాషియం వంటి అయాన్లకు దారి చేస్తుంది. అందులో నాలుగు ట్రిప్టోఫాన్లు. 1994లో ఈ బృందం దాన్ని ఇలా పరీక్షించింది. చుట్టూ నీటి అణువులు చురుగ్గా తిరుగుతుంటే, ఏ తరంగదైర్ఘ్యంతో ఉత్తేజపరిచినా వెలువడే కాంతి ఒకేచోట ఉంటుంది. అవి బిగుసుకొని మెల్లగా తిరుగుతుంటే, ఉత్తేజపరిచే కాంతిని ఎరుపు అంచుకు జరిపినకొద్దీ వెలువడే కాంతి కూడా ఎరుపు వైపు జరుగుతుంది. గ్రామిసిడిన్ ట్రిప్టోఫాన్లలో ఈ జరుగుడు కనిపించింది. పొర అంచున, ద్వారబంధం దగ్గర చలనం నిర్బంధంగా ఉన్నదని దీనివల్ల తెలిసింది. రంగు ఎంత జరిగిందని చూసి నీరు ఎంత వేగంగా తిరుగుతున్నదో చెప్పవచ్చునన్నది ఇక్కడి పాఠం.

మందుల నుంచి నేర్చుకొన్నది

శాస్త్రం సరిగా అర్థమైనంత మాత్రాన మందు దొరుకుతుందని కాదు. గార్డోష్ ద్వారాన్ని మూసే సెనికపాక్ అనే మందును పెద్ద ఎత్తున పరీక్షించారు. కణాల్లో నీరు నిలిచింది, హీమోగ్లోబిన్ పెరిగింది, కానీ నొప్పుల దాడులు తగ్గలేదు. పరీక్ష మధ్యలోనే ఆపవలసి వచ్చింది. హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ ఉన్న రూపంలోనే నిలిపి ఉంచే వోక్సెలోటర్ 2019లో అమెరికాలో అనుమతి పొందింది. 2024 సెప్టెంబరులో తయారీ సంస్థే దాన్ని మార్కెట్ నుంచి ఉపసంహరించింది. జన్యువునే సవరించే చికిత్సకు 2023 చివర బ్రిటన్, అమెరికా అనుమతించాయి. కొండప్రాంతపు కుటుంబానికి అది అందే ధరలో లేదు.

నిలిచి ఉన్న మందు పాతదే, హైడ్రాక్సీయూరియా. గర్భంలో ఉన్నప్పుడు మన ఒంట్లో ఉండి, పుట్టాక తగ్గిపోయే శిశు హీమోగ్లోబిన్‌ను అది మళ్ళీ పెంచుతుంది. శిశు హీమోగ్లోబిన్ పోగుల్లో చేరదు. హీమోగ్లోబిన్ ఎస్ పాలు తగ్గుతుంది కనుక నిరీక్షణ కాలం పొడుగవుతుంది. పశ్చిమ ఒడిశా రోగుల్లో ఈ శిశు హీమోగ్లోబిన్ సహజంగానే ఎక్కువని బుర్లా వైద్యకళాశాల వారు విదేశీ పరిశోధకులతో కలిసి 1986లో వెల్లడించారు. ఎర్రకణాలు త్వరత్వరగా నశిస్తూ కొత్తవి పుట్టాలి కనుక రోగులకు ఫోలిక్ ఆమ్లం మాత్రలు కూడా ఇస్తారు. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1940లలో లెడర్లీ సంస్థలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు సుబ్బారావే.

'వాహకం' అనే మాట

ఇప్పుడు కాగితం మీది మాటకు వద్దాము. క్షేత్రంలో మొదట చేసేది తరచుగా ద్రావణీయత పరీక్ష. రక్తపుచుక్కను ఆక్సిజన్ తీసేసే ద్రావణంలో కలిపి, గాజుగొట్టం వెనక గీతలున్న కాగితం పెడతారు. గీతలు కనిపిస్తే హీమోగ్లోబిన్ ఎస్ లేదు. మసకబారి గీతలు కనిపించకపోతే ఉంది. లేజరు ప్రయోగంలో చూసిన మసక వంటిదే ఇది, కొలిచేది మాత్రం కన్ను. అయితే ఈ పరీక్ష ఒక సంగతి చెప్పలేదు. మార్పు తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వచ్చిందా, ఇద్దరి నుంచీ వచ్చిందా? రెంటిలోనూ గొట్టం మసకబారుతుంది. అందుకే రెండో పరీక్ష తప్పనిసరి. అందులో హీమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలుస్తారు. విడదీసే యంత్రంలో కాపలా కాసేది కూడా మనం మొదట చూసిన 415 నానోమీటర్ల శిఖరమే.

ఒకరి నుంచే వచ్చినవారి కణంలో హీమోగ్లోబిన్ ఎస్ సుమారు నూటికి 40 పాళ్ళే, మిగిలినది మామూలుది. నిరీక్షణ కాలం చాలా పొడుగు. వారు సాధారణంగా ఆరోగ్యంగానే జీవిస్తారు. పైగా ఫాల్సిపారం మలేరియా ముదిరి చంపకుండా వారికి కొంత రక్షణ ఉందని ఆంథొనీ ఆలిసన్ 1954లో ఆఫ్రికాలో చూపాడు. మలేరియా తరతరాలుగా పీడించిన మన కొండప్రాంతాల్లో ఈ మార్పు నిలిచి ఉండడానికి అదే కారణం. ఇద్దరి నుంచీ వచ్చినవారే రోగులు.

మొదటివారిని పుస్తకాలు 'వాహకులు' అంటున్నాయి. చిక్కు ఇక్కడ ఉంది. తెలుగు శాస్త్రభాషలో 'వాహకం' మూడు పనులు చేస్తున్నది. పొర గుండా పదార్థాన్ని దాటించే ప్రోటీన్ వాహకం. మలేరియాను మోసుకొచ్చే దోమ రోగవాహకం. జన్యువులో ఒకవైపు మార్పున్న మనిషి కూడా వాహకుడే. కరపత్రాల్లో, గోడరాతల్లో మనవారు ఎక్కువగా చూసినది దోమ విషయంలో. అందువల్ల 'మీ అమ్మాయి వాహకురాలు' అంటే, ఆమె జబ్బును అంటిస్తుందని వినేవారికి అర్థమయ్యే ప్రమాదం ఉంది. పెళ్ళి సంబంధం తప్పిపోవడానికి, ఇంట్లో కంచం వేరు పెట్టడానికి అంతకంటె ఏం కావాలి?

కనుక కాగితం చదివి చెప్పేటప్పుడు ఆ మాటను వదిలి, వాక్యం వాడమని నా సూచన. 'ఒకవైపు నుంచే వచ్చింది, ఇది జబ్బు కాదు, అంటుకోదు' అని చెప్పండి. రోగి విషయంలో 'ఇరువైపుల నుంచీ వచ్చింది, వైద్యం తప్పక కావాలి' అని చెప్పండి. ఒకవైపు మార్పున్న ఇద్దరు పెళ్ళాడితే, పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ఇరువైపుల నుంచీ రావడానికి, రెండు వంతులు ఒకవైపు నుంచే రావడానికి, ఒక వంతు అసలు రాకపోవడానికి అవకాశం. ఇది ప్రతి కాన్పుకూ విడిగా వర్తించే లెక్క. మొదటి బిడ్డకు జబ్బు వచ్చింది కనుక మిగతా ముగ్గురూ క్షేమం అనుకోకూడదు. ఒకవైపు మార్పున్నవారు మార్పు లేనివారిని పెళ్ళాడితే ఈ జబ్బుతో బిడ్డ పుట్టదు.

ఈ నాలుగు మాటలు తెలుగులో తేటగా చెప్పగలగడం, అవసరమైతే దేశియాలోనూ కువిలోనూ చెప్పగల స్నేహితుల చేత చెప్పించడం, రెండు మూడు భాషల నడుమ పెరిగిన మీకు సాధ్యమైన పని. తమ ఊరి పరీక్షా శిబిరానికి వెళ్ళే విద్యార్థులు కాగితం మీద ద్రావణీయత పరీక్ష ఫలితం ఒక్కటే ఉన్నదా, రెండో పరీక్ష కూడా జరిగిందా అన్నది ముందు చూడాలి. రెండోది జరగనిదే ఎవరినీ రోగి అనవద్దు, ఎవరికీ ఏమీ లేదని భరోసా ఇవ్వవద్దు.